పెదనాయన పైల్వాన్లు

ఎదురింటి కుర్రాడు జిమ్ము నుంచి వచ్చి భుజాలకు నొప్పుల మందు రుద్దుకుంటే ఆ ఘాటు మా వంటింటి దాకా వస్తుంది. నాకేమో చింతామణిలోని మా పాత ఇంటి వసారా, అందులో కర్పూరం కలిపిన నువ్వులనూనె పట్టించుకుని కూర్చున్న ఇద్దరు పైల్వాన్లూ కళ్ళముందుకొస్తారు.

నా చిన్నప్పుడు ఒక ఏడు మా పెదనాయన ఎన్నికల్లో నిలబడ్డాడు. నిలబడింది ఆయనే గానీ, నిలబెట్టింది అంగళ్ళవాళ్ళూ రైతులూ ఇచ్చిన చందాలు. శెనక్కాయల బండితో మా మండీకి వచ్చే గూళూరు నారెప్ప తాత, మా పిల్లల ఒళ్ళో కాల్చిన కాయలు పోసి, మొలలో సంచి విప్పి, అమ్మకపు డబ్బులో కొంత అక్కడికక్కడే పెదనాయన చేతిలో పెట్టి, "జీపుకి నూనె పోయించుకో అప్పా, మా ఊరికి రోడ్డు తెప్పియ్యి" అన్నాడు.

బాగేపల్లి సభలో ఎవడో చెప్పు విసిరాడు. చెప్పు పెట్రోమాక్సు దీపానికి తగిలింది. భయం పెదనాయనకు తగిలింది. ఆ చందాలతోనే ఎక్కడో బెళగావి అవతలి నుంచి, మన మాట రాని ఈ ఇద్దరినీ రప్పించుకున్నాడు. వాళ్ళకు బాదంపప్పు, మీగడపాలు, పెరట్లో వేరే పొయ్యి మీద కోడిగుడ్లు. గుడ్డు పేరెత్తితేనే నోరు పుక్కిలించే మా అవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఓట్లడిగేదానికి ఈ బస్తాలు యాలప్పా?" అంది. "ప్రాణానికి రక్షణ కావల్ల గదమ్మా" అన్నాడాయన. రక్షణ నిధి భక్షణ నిధి అయింది, కరపత్రాలు అచ్చాఫీసులోనే ఉండిపోయాయి. నేను మాత్రం నా జడకన్నా సన్నగా ఉన్న నా చేతులు చూసుకుని సిగ్గుపడి, వాళ్ళలాగే దండీలు తీయబోయి ముక్కు పగలగొట్టుకుని పసుపు పట్టు వేయించుకున్నాను.

కంది కోతలప్పుడు గూళూరు వెళ్ళాం. పలకలు మోగుతున్నాయి, హారతి పళ్ళేలు వస్తున్నాయి. మా వైపు పెద్దమనిషి ఊళ్ళోకి వస్తే బూడిదగుమ్మడికాయతో దిష్టి తీసి, కాయను కొడవలితో కొట్టి, కుంకుమ చల్లుతారు. ఆ పని నారెప్ప తాతది. కొత్త తలగుడ్డ చుట్టుకుని, ఎడమచేత కాయ పట్టుకుని, నవ్వుతూ కుడిచేత కొడవలి ఎత్తాడు. పైల్వాన్లలో ఒకడికి కొడవలి ఒక్కటే కనిపించింది. ఆ చెయ్యి మెలిపెట్టి తాతను నేలకేసి కొట్టాడు. కాయ పగిలింది. ఎముక విరిగిన చప్పుడు జీపులో కూర్చున్న నాకూ వినబడింది.

 తాత భార్య లక్కమ్మ పెదనాయనకు అడ్డంగా వచ్చి నిలబడింది. "మా దుడ్డుతోనే గదప్పా వీళ్ళని మేపుతాండావు! రోడ్డు ఎయ్యమంటే చెయ్యి ఇరిపిస్తివే!"

"వైద్యానికి నేనిస్తా లేమ్మా."

"యాడిది ఇస్తావు? అదీ మా చందాలోదే గదా!"

ఆ తర్వాత ఏ పల్లెకు పోయినా, జీపు చప్పుడు వినగానే చేలల్లో జనం కొడవళ్ళు కింద పడేసి, ఖాళీ చేతులు కనబడేలా నిలబడేవారు. పెదనాయన దాన్ని మర్యాద అనుకున్నాడు. గెలిచాడు కూడా. తాత చెయ్యి వంకరగా అతుక్కుంది. ఆ బండి మళ్ళీ మా మండీకి రాలేదు.

మొన్న గూళూరు వెళ్ళాను. రోడ్డు ఉంది, బస్సులున్నాయి, అడుగడుక్కీ బోరుబావులున్నాయి. తాత మనవడు వాకిట్లో మోటారుసైకిలు తుడుస్తున్నాడు. "యాడనుంచి వస్తాండావమ్మా?" అన్నాడు. ఎవరింటి ఆడబిడ్డనో చెప్పాను. "ఓ, ఆ ఇంటోళ్ళా" అన్నాడు, గుడ్డ పిండుకుంటూ.

దారి అడగడానికి ఆగిన పరాయివాణ్ణి సైతం "కూసో అప్పా, మజ్జిగ తాగి పో" అనకుండా పంపని ఊరది. ఆ మాట కోసం ఎండలో కాసేపు నిలబడ్డాను. అతను చక్రాలు తుడవడం మొదలుపెట్టాడు.