మిగతా సగం బూరె

అత్తయ్య పోయిందని కొండపల్లి నుంచి బావ ఫోన్ చేసిన పొద్దున, నేను బాత్రూము గడియ పెట్టుకుని షుగర్ మాత్ర మింగుతున్నాను. మా ఆయన తలుపు తట్టి చెప్పారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఏడుపు తన్నుకొస్తున్నా ముందు మాత్రల అట్ట కొంగున ముడేసుకున్నాను, మా అత్తగారి కంట పడుతుందేమోనని. పోయినావిడ మా నాన్నకి సొంత చెల్లెలు, నా మేనత్త. ఏళ్ళ తరబడి షుగరుతో నవ్వుతూ బతికిన మనిషి. ఆవిడ చావు కబురు విన్న క్షణంలో కూడా నాకు తోచింది దాచుకోవడమే. చెప్పడానికే సిగ్గుగా ఉంది.

మా పుట్టింట్లో ఆ జబ్బు పేరు పైకి అనకూడదు. తొంభైల్లో గవర్నర్‌పేటలో ఒక మేడమీద అద్దెకుండేవాళ్ళం. నాన్నకీ షుగరే. పూజగదిలోకి వెళ్ళి, తలుపేసుకుని ఇన్సులిన్ సూది వేసుకునేవారు. ఎవరన్నా వస్తే "జపంలో ఉన్నారండీ" అనేది అమ్మ. పెళ్ళి కావలసిన పిల్ల ఉన్న ఇల్లు, షుగర్ ఉందని తెలిస్తే సంబంధాలు రావని ఆయన భయం. ఆ పిల్లని నేనే. తలుపు బయట కూర్చుని, లోపల నాన్నకేమైపోతోందోనని బిక్కచచ్చిపోయేదాన్ని.

పెళ్ళి భోజనాల్లో తీపి వడ్డించబోతే ఆయనకి ఇంకో మాట ఉండేది. కాశీకి వెళ్ళినవాళ్ళు ఇష్టమైనదేదో ఒకటి అక్కడ వదిలేసి వస్తారు కదా. "తీపి కాశీలో వదిలేశానండీ" అని దణ్ణం పెట్టేవారు. ఎంత భక్తో అని ఎదుటివాళ్ళూ తిరిగి దణ్ణం పెట్టేవాళ్ళు. ఒకసారి బంతిలో పక్కనే కూర్చున్న అత్తయ్య ఫక్కున నవ్వింది.

"రాజమండ్రి దాటి ఎరగవు, కాశీ ఎప్పుడెళ్ళావన్నయ్యా?"

నాన్న మొహం మాడిపోయింది. ఆవిడ వడ్డించే అతనివైపు తిరిగి, బంతంతా వినపడేలా, "నాకు షుగర్ బాబూ. సగం తుంచి వెయ్యి. మిగతా సగం ఎవరిక్కావాలర్రా?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరో ఆకు ముందుకు జరిపారు. అంతే, ఆకాశమేమీ విరిగి పడలేదు.

వేసవి సెలవులకి కొండపల్లిలో అత్తయ్య వాళ్ళింటికి వెళితే మొదట్లో నాకు విడ్డూరంగా ఉండేది. మామయ్యకి థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం. అన్నానికి ముందు అత్తయ్య మాతో కబుర్లాడుతూనే పొట్టకి సూది వేసుకునేది. "సూదైందా? కంచాలు పెట్టనా?" అనేవాడు మామయ్య, కాఫీ తాగావా అన్నంత మామూలుగా. ఆవిడకని వేరే వంట లేదు. దొండకాయ వేపుడూ, పప్పూ, మజ్జిగా అందరికీ ఒకటే. ఆ ఇంట్లో ఎవరూ గుసగుసలాడేవాళ్ళు కాదు. "నొప్పి లేదా అత్తయ్యా?" అని అడిగాను ఒకరోజు.

"చీమ కుట్టినట్టుంటుందే. నొప్పంతా దాచుకోవడంలో ఉంది. మీ నాన్ననడుగు."

నాకూ ముప్పై రాకుండానే షుగరొచ్చింది. బెంజ్ సర్కిల్ దగ్గర మా ఆఫీసులో ఎవరో పుట్టినరోజని స్వీటు పెట్టబోతే నా నోట ఏ మాట వచ్చిందో మీకీపాటికి తెలిసే ఉంటుంది. నేనూ కాశీ చూడలేదు.

అత్తయ్యకి చెప్పలేదు, ఆవిడే కనిపెట్టింది. ఆ తరవాత ఏ బంతిలో కూర్చున్నా, "మిగతా సగం ఎవరిక్కావాలర్రా?" అంటూ నావైపే చూసేది. బలవంతం చేసేది కాదు. నేను మంచినీళ్ళ గ్లాసు వెతుక్కునేదాన్ని. చూపుతోనే అంత మర్యాదగా పిలిచిన మనిషి దగ్గరికి ఒక్కసారీ వెళ్ళలేకపోయాను. ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ తల వాలిపోతుంది.

పెద్దకర్మ నాడు భోజనాల్లో నాన్నా నేనూ పక్కపక్కన కూర్చున్నాం. మా అత్తగారు ఎదురు వరసలో ఉన్నారు. బూరెల బేసిన్ ముందు నాన్న దగ్గరికొచ్చింది. "తీపి కాశీలో వదిలేశానయ్యా" అన్నారు, సన్నటి గొంతుతో. ఈసారి నవ్వేవాళ్ళు లేరు. ఆయన మీద కోపం రాలేదు నాకు. ఆ మాటే నా నోట్లోనూ సిద్ధంగా ఉంది మరి.

బేసిన్ నా ముందుకొచ్చింది.

"నాకు షుగరండీ," అన్నాను. అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది గొంతు. ఎదురు వరసలో తలలు లేచాయి. మా అత్తగారి ముద్ద చేతిలోనే ఆగింది. నా చెవులు వేడెక్కిపోయాయి. "సగం తుంచి వెయ్యండి."

అతను తుంచి వేశాడు. మిగతా సగం పట్టుకుని, ఎవరికన్నట్టు అటూ ఇటూ చూశాడు. పక్కన నాన్న తలెత్తలేదు.

"ఇటు వెయ్యి బాబూ," అన్నారు. ఆకు ముందుకు జరిపి, "నాకూ షుగరే."

సగం బూరెలోంచి పూర్ణం రాలి ఆయన ఆకు మీద పడింది. బంతి లేచేదాకా నాన్న దాన్ని ముట్టుకోకుండా, అలా చూస్తూనే కూర్చున్నారు.