వ్యాను వెనక రెండో వరుస

ఆ పొద్దున గంభీరావుపేట దాటాక ఒక ఊరి స్టేజీ దగ్గర సిరిసిల్ల బస్సు కోసం నిలబడ్డాను. అక్కడ నాతోపాటు ఉన్నది ఒక తల్లి, బడి డ్రెస్సులో ఆమె బిడ్డ.

"మీరూ సిరిసిల్లకేనా?" అన్నాను.

"నేను పోను సారూ. బిడ్డను ఎక్కిద్దామని అచ్చిన. బడి టైము బస్సు బందువెట్టిండ్రు, మంది ఎక్కుతలేరట. గిప్పుడు బట్టల కంపెనీ వ్యానుల పంపుతున్న. బడికాడ దింపుతరు. పైసలు సుత అడుగరు, మంచోళ్లు."

వ్యాను వచ్చింది. పనికి పోయే ఆడవాళ్లు జరిగి పిల్లకు చోటిచ్చారు.

"ఎన్నో క్లాసు బిడ్డా?" అని వ్యాను తలుపు దగ్గరి కంపెనీ మనిషి నవ్వుతూ అడిగాడు.

"తొమ్మిది."

"ఇగ అయిపోవచ్చింది," అన్నాడతను.

డ్రైవరు టీకి దిగాడు. వ్యాను వెనక పెద్ద అక్షరాలున్నాయి. "వయోజన విద్య క్లాసుకు పోతున్న సారూ. ఆగుండ్రి, నేను సదువుత," అని తల్లి వేలు చాపి కూడబలుక్కుంది.

"ప...ని...కి ఆ...డ...పి...ల్ల...లు కా...వ...లె...ను."

ముఖం వెలిగిపోయింది. రెండో వరుస అందుకుంది.

"చ...దు...వు అ...క్క...ర...లే...దు."

చాపిన వేలు మెల్లగా కిందికి దిగింది.

"సరిగనే సదివిన్నా సారూ?"

"సరిగ్గానే చదివావమ్మా," అన్నాను.

వ్యాను కదిలింది. వెనక అద్దంలోంచి పిల్ల చెయ్యి ఊపుతోంది. తల్లి చెయ్యెత్తలేదు. ఒక్క అక్షరమైనా తప్పు చదివానేమో అన్నట్టు, వ్యాను మలుపు తిరిగేదాకా ఆ రెండో వరుసనే మళ్లీ మళ్లీ చదువుకుంటూ నిలబడింది.