షోకేసులో పత్తికట్టె

ఒకసారి తెచ్చింది పదేళ్ళు రావాలి. అదీ నా పిచ్చి. నరసరావుపేటలో మా అబ్బా పెట్టిన చీరల కొట్టు నాది. మా సాయిబుల ఇళ్ళల్లో నాన్నని అబ్బా అంటాం. దానికెదురుగా మూడంతస్తుల షోరూం లేచింది. వాళ్ళు పండక్కో సెట్టింగు మారుస్తారు. నాకున్నదల్లా ఒక్క అద్దాల షోకేసు, అందులో రెండు బొమ్మలు. అది చూసి జనం లోపలికొస్తే కొట్టు నిలబడుద్ది, లేకపోతే మూసుకోవటమే.

బంతిపూలు పెడితే సాయంత్రానికి వాడిపొయ్యేవి. థర్మాకోల్ ముట్టుకుంటే విరిగేది. రంగు కాగితాలు మా పల్నాడు ఎండకి నెల తిరక్కుండా వెలిసిపొయ్యేవి. ప్లాస్టిక్ పూలు కడిగి కడిగి విసుగొచ్చి, మా ఆవిడ బకెట్ తెచ్చి నా ముందు పెట్టింది. "ఈ దిక్కుమాలిన పూలు నువ్వే కడుక్కో" అంది.

అప్పుడు తట్టింది పత్తికట్టె. బొల్లాపల్లి వైపు పత్తి తీశాక మొక్కలు పీకి గట్టు మీద కుప్పేస్తారు. అడిగితే ఊరికే ఇచ్చారు. పగిలిన కాయల్లో ఇంకా పత్తి ఉన్న కొమ్మలు ఏరి తెచ్చి, బొమ్మల వెనక నిలబెట్టా. అబ్బ, ఏం కళ వచ్చిందనుకున్నారు! మా అబ్బా కాలం నుంచీ పెళ్ళి బట్టలకి మా దగ్గరికే వచ్చే బొల్లాపల్లి అక్క ఒకామె ఉంది. ఆమె బయటే ఆగిపోయి, "లచ్చిందేవిని తెచ్చి కూర్చోబెట్టావయ్యా తమ్ముడూ" అంది. ఉగాదికి వాటికే గుడ్డ మామిడాకులు కట్టా, రంజాన్‌కి చెమ్కీ చుక్కలు కట్టా. రెండేళ్ళు అట్టా నడిచింది.

మూడో ఏడు పత్తి పసుప్పచ్చగా తిరిగింది, దుమ్ము పట్టింది. కట్టె మాత్రం గట్టిగానే ఉంది. పారెయ్యటానికి చేతులు రాలా. పత్తంతా పీకేసి, ఉత్త కట్టెలకి వెండి రంగు కొట్టా. బోసిగా ఉందని ఇంకో మోపు తెచ్చి నింపా. నాకెంత గర్వమో!

ఆ ఏడు పెళ్ళిళ్ళప్పుడు ఆటోలు మా కొట్టు ముందే ఆగేవి. జనం దిగేవాళ్ళు, షోకేసు వంక చూసేవాళ్ళు, రోడ్డు దాటి షోరూంలోకి పొయ్యేవాళ్ళు. పెద్దకూతురి పెళ్ళి పెట్టుకున్న అక్క కూడా "మళ్ళీ వస్తాలే తమ్ముడూ" అని, నా మొహం చూడకుండా వెళ్ళింది. మన దగ్గర కొత్త రకాలు లేవేమో అనుకున్నా. షోకేసు చాల్లేదేమో అని ఇంకో రెండు మోపులు తెచ్చా. నా అంత వెధవ ఇంకోడు ఉండడు.

ఏడాది తిరిగేలోపు కొట్టు మూశా. ఎదురు షోరూంలోనే సేల్స్‌లో చేరా. బతకాలి గదా.

మొన్న అక్క అక్కడికే వచ్చింది, చిన్నకూతురి పెళ్ళి బట్టలకి. నన్ను చూసి నిలబడిపోయింది. దగ్గరికొచ్చి, "ఆ కట్టెల వల్లే వచ్చింది తమ్ముడూ ఇదంతా" అంది. "శుభమా అని పెళ్ళి బట్టలకి బయల్దేరి వస్తే, ఎదురుగా ఎండుకట్టెల మోపు. ఎవరు అడుగు పెడతారు చెప్పు?"

నాకు తెలుసు. నేనీ ఊళ్ళోనే పుట్టా. కట్టెల మోపు ఎదురొస్తే మా పక్కింటి పెదనాన్న వెనక్కొచ్చి, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవాడు. అన్నీ తెలిసి కూడా నా కళ్ళకి రంగే కనపడింది గానీ కట్టె కనపడలా.

"ఒక్క మాట చెప్పకపోయావా అక్కా?"

"మా శకునాలు మీకుండవు గదయ్యా. చెబితే నొచ్చుకుంటావేమోనని నోరు రాలా."

ఆమెని ఏమని తిట్టను? నా మనసు నొప్పించకూడదని ఊరుకున్నారు, అందరూ. మా అబ్బా కొట్టు పోయింది. గుండె చెరువైపోయింది, ఏడవటానికి అక్కడ చోటు కూడా లేదు.

పెళ్ళికూతురు ఎర్ర చీర చూపించమంది. తీసి విప్పి, అంచు చేతిమీద పరిచా. అక్క ధర కూడా అడగలా.

"నువ్వు చూపించావంటే ఇంక చూసేదేముంది తమ్ముడూ" అని పక్కన పెట్టించింది.

ఆ మాట మా కొట్లో అనాల్సింది.