ఛవి అంటే కూతురు

ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో ఉన్నప్పుడు మాకు పాప పుట్టింది. పేరు మా ఆయనే వెతికారు. ఛవి. సంస్కృతంలో కాంతి అని అర్థం. అమెరికావాళ్ళ నోటికి కూడా తేలిగ్గా తిరుగుతుందని ఆయనకు అదో గర్వం.

మా కింది ఇంట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. రుమేనియా నుంచి వచ్చిందని మాత్రమే అందరికీ తెలుసు. నాకు ఉద్యోగం చేసే వీసా లేదు, ఆవిడ రిటైరైంది. పగళ్ళు ఇద్దరికీ గడిచేవి కావు. పాపకు ఒళ్ళు వెచ్చబడితే నాకంటే ఆవిడే ఎక్కువ కంగారుపడేది. ఒళ్ళో వేసుకుని ముక్కు పట్టుకుని "నఖ్" అనేది, చెవి పట్టుకుని "కన్" అనేది. హిందీలా ఉందే అనుకున్నాను గాని అడగలేదు.

మొదటి పుట్టినరోజుకి ఆవిడనూ పిలిచాం. కేకు కోశాక ఎవరో పేరుకి అర్థం అడిగారు. మా ఆయన చెప్పబోతుంటే ఆవిడే అందుకుంది.

"మా భాషలో ఛవి అంటే ఆడపిల్ల, కూతురు. మా అమ్మ నన్నలాగే పిలిచేది."

"రుమేనియన్‌లోనా ఆంటీ?"

"కాదు. మేం రోమా వాళ్ళం. మీరు జిప్సీలంటారే, వాళ్ళం."

ఆ మాట ఆవిడ పైకి అనడం అదే మొదలు. మా ఇంటి మనిషినన్న ధైర్యంతో అని ఉంటుంది. పక్కనే కూర్చున్న ఒక డాక్టరుగారి భార్య, కింద పెట్టిన హ్యాండ్‌బ్యాగ్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. పెద్దావిడ అది చూసింది. మోకాలు నొప్పిగా ఉందని చెప్పి, కేకు తినకుండానే వెళ్ళిపోయింది.

అందరూ వెళ్ళగానే మా ఆయన, "ఇంక పాపని ఆవిడ దగ్గర వదలకు. పేరు కూడా చేంజ్ చేయిద్దాం," అన్నారు.

"సంస్కృతం పేరని మీరే కదా పెట్టారు?"

"జిప్సీల మాటని నాకేం తెలుసు? రేపు అందరూ అదే అనుకుంటారు."

ఆ వారమంతా రోమాల గురించి ఇంటర్నెట్‌లో చదివాను. వాళ్ళు ఎప్పుడో వందల ఏళ్ళ కిందట మన దేశం నుంచి పడమటికి వెళ్ళినవాళ్ళట. ఆయనకు అదే చెప్పాను.

"వెళ్ళిపోయారుగా. ఇంక మనకేం సంబంధం?"

"మనమూ వచ్చేసినవాళ్ళమే కదండీ."

ఆయన టీవీ సౌండ్ పెంచారు.

పేరు మార్చే కాగితాల మీద నేను సంతకం పెట్టలేదు. ఇంట్లో నెలల తరబడి మాటల్లేవు. పాపను ఎత్తుకుని రోజూ కిందికి వెళ్ళేదాన్ని. ఆవిడ తలుపు తీసి, "వెళ్ళమ్మా, నావల్ల మీ ఇంట్లో గొడవలొద్దు," అని గుమ్మంలోంచే పంపేసేది. పాప చేతులు చాపినా అందుకునేది కాదు. ఆ చలికాలంలోనే ఒహాయోలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. మాకు చెప్పలేదు.

పేరైతే నిలిచింది. స్కూల్లోనూ పాస్‌పోర్టులోనూ ఛవే. మా ఆయన మాత్రం ఆనాటి నుంచి దాన్ని "చిన్నీ" అనే పిలుస్తారు. నాన్నకి తనంటే అంత ముద్దు అని పాప తన స్నేహితులకు గొప్పగా చెప్పుకుంటుంది.