సాబిరా అనే పేరు

మట్టెవాడ లచ్చవ్వ మగ్గం మీద పోగు తెగితే విసుక్కోదు. వేళ్ళకు బూడిద అద్దుకుని నిదానంగా అతుకుతుంది. కూతురి పేరు దగ్గర మాత్రం నిదానం ఉండదు. పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో బిడ్డను బడిలో వేసేటప్పుడు పంతులు కలం ఆపాడు. "సాలోళ్ళ పిల్లకు సాబిరా ఏందమ్మా? సావిత్రి అని రాస్త." లచ్చవ్వ మెడ నిటారుగా లేచింది. "వద్దు సారూ. అరబ్బీల ఓర్పు గల్లదని అర్థమట. మా వాడ మంత్రసాని పేరది. బిడ్డ అడ్డం తిరిగితే అందరు ఆశ వదులుకున్నరు. ఆమె రెండు దినాలు నా పక్కనుంచి లేవలే."

పంతులు రాశాడు. చదువు రాని లచ్చవ్వ రిజిస్టరు తన వైపు తిప్పుకుని, నేసిన బట్టను చూసినట్టు ఆ అక్షరాలను చూసింది. "ఇగ ఒక్కసారి రాసిన పేరు పెట్టి పిలువుండ్రి సారూ, నేను వింట."