మేకకు పెట్టిన చిమ్మిలి

చలి మొదలైతే మా టాటానగర్ సాక్చి బజారులో తిల్‌కుట్ దంచేవాళ్ళు వరసగా వచ్చి కూర్చుంటారు. వేయించిన నువ్వుల్నీ బెల్లం పాకాన్నీ కలిపి వాళ్ళు చెక్క సుత్తులతో దంచుతుంటే లేచే వాసన, ఆటోల పొగనీ మోమోల ఆవిరినీ తోసుకుంటూ రోడ్డు దాకా వస్తుంది. మొన్న ఆ వాసనకే సంచి చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడిపోయానో తెలియదు. పచ్చి నువ్వుల్ని బెల్లంతో రోట్లో దంచి ఉండ కడితే మేం దాన్ని చిమ్మిలి అంటాం. దేవుళ్ళ మీదా, దేవుళ్ళ పేరుతో మనుషులు పెట్టుకున్న కట్టుబాట్ల మీదా వేదికలెక్కి వాదించడమే నా జీవితమయింది కానీ, అసలు వాదన అనేదాన్ని నేను మొదటిసారి విన్నది చిమ్మిలి గురించే, అదీ బైబిలు ఒళ్ళో పెట్టుకున్న మా నానమ్మ నోట.

టాటానగర్ స్టేషనుకి అవతల రైల్వే క్వార్టర్లలో మా ఇల్లూ పైడితల్లి అత్త ఇల్లూ ఒకే కప్పు కింద జంటగా ఉండేవి. రెండు పెరళ్ళకీ మధ్య భుజం ఎత్తు ఇటుక గోడ. దాని మీంచి కరివేపాకు వెళ్ళేది, అరువు చక్కెర వచ్చేది, పాలు పొంగిపోతున్నాయన్న కేకలు అటూ ఇటూ దూకేవి. వాళ్ళాయన గూడ్సు బండి గార్డు, మా నాన్న షెడ్డులో ఫిట్టరు. రెండు కుటుంబాలూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవే, ఒకే యాస, ఒకే పులుసు. కాకపోతే వాళ్ళు పుట్టలో పాలు పోసేవాళ్ళు, మేం ఆదివారం గుడికెళ్ళేవాళ్ళం. క్రిస్మస్‌కి మా నానమ్మ పిండి కలిపి రేకు డబ్బాల్లో పోసి బేకరీ బట్టీకి మోయించేది. వేడివేడిగా తిరిగొచ్చిన ఆ కేకుల్లో మొదటి ముక్కని పైడితల్లి అత్త గోడ దగ్గరే నిలబడి, కళ్ళు మూసుకుని, వేళ్ళు నాకుతూ తినేది.

నానమ్మ పేరు ఎస్తేరమ్మ. తెల్ల చీర, గుండ్రటి కళ్ళజోడు, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. శనివారం మధ్యాహ్నం పెరట్లో చాపలు పరిస్తే మా గుడికొచ్చే ఆడవాళ్ళు పది పన్నెండుమంది చేరేవారు. చలికాలమైతే ఎండ వెంబడే చాపలు కూడా జరుగుతూ పోయేవి. ముందు ఒక పాట, తర్వాత ఉప్పు వేసి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, ఆ తర్వాత ప్రశ్నలు. ప్రసంగం ఉండేది కాదు. ఎవరింట్లో ఏ చిక్కుంటే అది అడగొచ్చు. ఆరేళ్ళు నిండిన పిల్లని రైల్లో నాలుగేళ్ళదని చెప్పొచ్చా? తాగుడు స్నేహితుడు తలుపు తడితే, మంచం మీదున్న మొగుణ్ణి ఊళ్ళో లేడని అనొచ్చా? నానమ్మ వెంటనే జవాబు చెప్పేది కాదు. బైబిల్లో ఇటు లాగే మాట ఒకటి వెతికించేది, అటు లాగే మాట ఇంకొకటి వెతికించేది, రెండూ చదివించి, 'ఇప్పుడు సెప్పండర్రా' అని వేరుశనక్కాయ వొలుచుకునేది. అప్పుడు మొదలయ్యేది గోల. గోడకి అవతల పైడితల్లి అత్త బట్టలు ఆరేసే నెపంతో అంతా వినేది. పాట నచ్చితే మళ్ళీ పాడమని అక్కణ్ణుంచే అడిగేది.

దీపావళి వెళ్ళిన నాలుగో నాడు నాగుల చవితి. ముందురోజు నానబెట్టిన బియ్యం తెల్లారకుండానే పైడితల్లి అత్త రోట్లో పడి, ఆ దెబ్బలు మా గోడలోంచి మా మంచాల్లోకి వచ్చేవి. చలిమిడి, చిమ్మిలి, నానిన పెసరపప్పు తీసుకుని వాళ్ళంతా పట్టాల అవతల తుప్పల్లో ఉన్న పుట్ట దగ్గరికి వెళ్ళేవాళ్ళు. తిరిగొచ్చాక గోడ మీంచి సాలాకుల విస్తరి ఒకటి మా ఇంటికి దిగేది. నానమ్మ రెండు చేతులా అందుకునేది. లోపలికి తెచ్చి, పైన ఇంకో ఆకు కప్పి, నా చేతికిచ్చేది. వెనక వీధి చాకలివాళ్ళ మేక దగ్గరికి మోసుకెళ్ళడం నా పని. వేరే దేవుడికి పెట్టింది మేం తినకూడదు, పారేస్తే తప్పు, అందుకని మేక. మర్నాడు గోడ దగ్గర నానమ్మ అనేది:

"నిన్నటి చిమ్మిలి ఎంత బాగున్నాదే పైడీ! నీ సెయ్యే సెయ్యి."

నాకు తొమ్మిదేళ్ళ వయసులో ఈ ఏర్పాటు మీద తిరుగుబాటు పుట్టింది. అది సత్యం కోసం పుట్టిందని చెప్పుకుంటే ఇవాళ నాకు ఘనంగానే ఉంటుంది కానీ, నిజానికది నాలుక మీద పుట్టింది. నల్లగా నూనె ఊరుతున్న ఆ ఉండని మేక రెండుసార్లు నమిలి మింగేస్తుంటే నా కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆ ఏడు చవితి వెళ్ళిన శనివారం చాప మీద లేచి నిలబడి అడిగాను:

"నానమ్మా, చిమ్మిలి మేకకి పెట్టేసి, తిన్నాం బాగున్నాదని సెప్పొచ్చా? అది అబద్ధం కాదేటి?"

వేరుశనక్కాయల చప్పుడు ఆగిపోయింది. గోడ అవతల తడిబట్ట దులుపుతున్న చప్పుడు కూడా ఆగిపోయింది. కాసేపటికి అవతల బకెట్టు ఎత్తిన శబ్దం, తలుపు మూసుకున్న శబ్దం వినిపించాయి. నానమ్మ నన్ను తిట్టలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ తీసింది.

మర్నాటి నుంచి గోడ మీద ఏదీ అటూ ఇటూ నడవలేదు. నానమ్మ 'పైడీ' అని పిలిస్తే లోపల స్టవ్ చప్పుడు పెరిగేది. వాళ్ళమ్మాయి రమణ నాతో తొక్కుడుబిళ్ళ ఆడేది, నేను బిళ్ళ పట్టుకుని వెళ్తే గుమ్మంలోంచే హిందీలో జవాబొచ్చింది: "మమ్మీ బోలీ, జా బకరీ కే సాథ్ ఖేల్." మేకతో ఆడుకో పో అని. రెండు వారాలు నేను గోడవైపు చూడకుండా తిరిగాను. నానమ్మ అన్నం సగంలో లేచిపోయేది.

తర్వాతి నెల మొదటి ఆదివారం గుడిలో ప్రభువు బల్ల. తెల్లగుడ్డ కింద రొట్టె, చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం. అది మొదలయ్యే ముందు మా పాస్టరు అయ్యగారు ఎప్పుడూ ఒక మాట గుర్తు చేసేవారు: పొరుగు మనిషికి నీ మీద నొప్పి ఉందని తెలిస్తే, కానుకని అక్కడే వదిలి ముందు వెళ్ళి ఆ మనిషితో సమాధానపడు, తర్వాత రా అని. అందరూ ఏళ్ళ తరబడి తల వంచుకుని వినే మాట అది. ఆ రోజు నానమ్మ తల ఎత్తింది. చాప మీంచి లేచి, నా చెయ్యి పట్టుకుని, అందరి మధ్యలోంచి నడుచుకుంటూ బయటికొచ్చేసింది. దారంతా లవంగం కొరికిన వాసన వస్తోంది.

పైడితల్లి అత్త గుమ్మంలో బియ్యం ఏరుతోంది.

"ఏటి, మేకని తేలేదేటి?" అంది తలెత్తకుండా.

"తప్పు నాదేనే. అబద్ధమాడినాను," అంది నానమ్మ నిలబడే.

"ఎన్నేళ్ళాడినావప్పా?"

"ఈ క్వాటర్లోకి వచ్చిన కాణ్ణించి."

"నీ కేకు నాను తిన్లేదేటి? మీ ఏసుబాబు పండగదని ఒగ్గీసినానా? తిననని మొకం మీద సెప్పితే నానేటి కొడతానా? చలిలో లేసి రోట్ల దంచింది మేక కోసమేటి!" చేట పక్కన పెట్టి కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు, రెండూ అనుకుంటాను.

కొంగుతో మొహం తుడుచుకుని ఆవిడే అంది: "సరేలే. వచ్చే ఏడాదికి, పుట్ట కాడికి ఎల్లకముందే నీ వాటా తీసి పక్కన పెడతాను. అప్పుడు నీ దేవుడికి అడ్డుండదు గదా?"

నానమ్మ చప్పున కూర్చుండిపోయింది. "దేవుడికి పెట్టకముందు తీత్తే మీ ఇంట్ల అది ఎంగిలి కాదేటే?"

"అవుద్ది. అయితే ఏటి? నీ కోసం తీత్తాను."

నా జీవితంలో చాలా సభలు చూశాను, చాలా చప్పట్లు విన్నాను. ఒక మనిషి ఇంకో మనిషి నియమాన్ని నిలబెట్టడానికి తన నియమాన్ని ఇంత తేలిగ్గా, బియ్యం ఏరుకుంటూ వదులుకోవడం మళ్ళీ చూడలేదు. నానమ్మ అడిగింది:

"మొన్న పుట్టకి పెట్టింది ఏటన్నా మిగిలిందేటి?"

"డబ్బాలో ఒకటో రెండో ఉన్నాయి. గట్టిపడిపోనాయి. ఎందుకు?"

"తే."

గట్టిపడిన ఆ ఉండని నానమ్మ తన దవడపళ్ళతో కొరికి, సగం నాకిచ్చింది. "బాగున్నాదే పైడీ," అంది.

"ఈసారి నిజమేనేటి?"

"నిజమేనే తల్లీ."

అక్కణ్ణుంచి నానమ్మ నేరుగా అయ్యగారి దగ్గరికెళ్ళి జరిగింది చెప్పింది. అడగకముందే చెప్పింది. ఆయన మంచివారు, నెమ్మదైన మనిషి. మాట మాత్రం కచ్చితం. పౌలు కొరింథు వాళ్ళకి రాసిన ఉత్తరం తెరిచారు. తిండి తనంతట తాను ఏమీ చెయ్యదు నిజమే, కానీ నువ్వు తినడం చూసి నమ్మకం గట్టిపడని మనిషి తొట్రుపడితే ఆ భారం నీదే అని ఉంది కదా, ఎస్తేరమ్మగారూ, అన్నారు. నానమ్మ ఇంకో పేజీ తిప్పింది: నోట్లోకి వెళ్ళేది మనిషిని చెడగొట్టదు, నోట్లోంచి వచ్చేదే చెడగొడుతుంది అని ప్రభువే అన్నాడు కదా.

"అయ్యగారూ, నాను తినడం సూసి ఎవులూ తొట్రుపడలేదు. తినకుండా తిన్నానని సెప్పడం సూసి మా గుంట తొట్రుపడింది. నమ్మకం గట్టిపడని మనిషి ఇదిగో, ఇదే."

నా తల మీద చెయ్యి వేసింది. అయ్యగారు నా వైపు చూశారు. అయినా సంఘం కట్టుబాటు కట్టుబాటే. మూడు నెలలు బల్ల దగ్గరికి రావద్దన్నారు. నానమ్మకి ఆ రొట్టె అంటే ప్రాణం. డెబ్భై ఏళ్ళ మనిషి మూడు మొదటి ఆదివారాలు వెనక చాప మీద ఒక్కతే కూర్చుని, పళ్ళెం తనని దాటిపోతుంటే పాట మాత్రం అందరికన్నా గట్టిగా పాడింది. నాలుగో నెల అయ్యగారు పళ్ళెం పట్టుకుని ఆమె ముందు ఆగి, పశ్చాత్తాపపడ్డారా అని అడిగారు.

"మేకకి పెట్టినందుకు పడ్డాను. తిన్నందుకు పళ్ళేదు."

ఆయన పళ్ళెం ఆమె ముందుకి చాచారు.

రొట్టె రొట్టే అనీ, నువ్వులు నువ్వులే అనీ, ఏ మంత్రమూ వాటిని ఇంకోటి చెయ్యలేదనీ నేను రాసీ రాసీ కొందరికి శత్రువునయ్యాను. ఆ మాట ఇవాళా వెనక్కి తీసుకోను. తిండిని గోడలా కట్టే మతమేదైనా నాకు పడదు, అది మా గుడైనా వాళ్ళ పుట్టైనా. కానీ నమ్మిన మాటని ముందు తన మీద పెట్టి చూసుకోవడం, తప్పెక్కడుందో అక్కడే, గోరంత ఎక్కువా తక్కువా కాకుండా ఒప్పుకోవడం, దాని ఖరీదు నలుగురి ముందూ కట్టడం, ఇవి నాకు ఏ హేతువాద సభా నేర్పలేదు. మా వాళ్ళలో కూడా ఇవి వచ్చినవాళ్ళు తక్కువ.

ఆ క్వార్టర్లు పడగొట్టి చాలాకాలమయింది. నాగుల చవితి ప్రసాదం ఇప్పుడు పూజా కమిటీవాళ్ళు ప్లాస్టిక్ పొట్లాల్లో సీలు వేసి పంచుతున్నారు. పక్కవాళ్ళ పండగ తిండి ముట్టొద్దని రెండు వైపుల నుంచీ నా ఫోనుకి సందేశాలొస్తాయి, ఒకే రకం ఎర్రక్షరాల్లో. పోయిన నెల మా చుట్టాలమ్మాయి బాప్తిస్మానికి కొత్త గుడికెళ్ళాను. తెర, మైకులు, మెత్తటి కుర్చీలు. గంటన్నర ప్రసంగంలో జవాబులే జవాబులు. బయటికొస్తూ, తలుపు దగ్గర మెడలో గుర్తింపు కార్డు పట్టీ వేసుకున్న అమ్మాయిని తెలుగులో అడిగాను: ప్రశ్నలు అడిగే కూటం ఏ రోజమ్మా?

"సవాల్?" అంది ఆ పిల్ల, ప్రశ్నా అన్నట్టు హిందీలో, ఎంతో మర్యాదగా. "ఆంటీ, ఫామ్ భర్ దీజియే నా."

నింపమని ఫారం చేతిలో పెట్టింది. పేరుకి ఒక గడి, ఫోను నంబరుకి ఒక గడి, ప్రార్థన కోరికకి కాస్త పెద్ద గడి ఉన్నాయి. ప్రశ్నకి గడి లేదు.