సాయంత్రం మొరాయించే డబ్బా

నేను చేసిన యంత్రాన్ని నేనే చూడకూడని పరిస్థితి జీవితంలో ఒక్కసారే వచ్చింది. అది డెబ్బైల చివర్లో ఒక చలికాలం. అప్పటికి బాన్సువాడలో మోటార్లు, రేడియోలు బాగుచేస్తూ, చేతికందిన ప్రతిదాన్నీ విప్పి చూసే దురదతో బతుకుతున్నాను. అక్క తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. ఎనిమిదో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల ఏడిస్తే పక్క గదిలోకి కూడా వినిపించేది కాదు.

దవాఖాన నుంచి పంపేటప్పుడు నర్సమ్మ గట్టిగా చెప్పి పంపింది. ఈ పిల్లకు సొంత వేడి ఇంకా చాలదు, గది ఎప్పుడూ ఒకే తీరుగా వెచ్చగా ఉండాలి, పాదాలు చల్లబడితే ప్రాణానికే ముప్పు. కుంపటి మాత్రం పెట్టొద్దు, పొగకు ఊపిరాడదు. అందుకని మంచం పక్కన రేకు గొట్టంలో రెండు పెద్ద బల్బులు వెలిగించాం. వదిలేస్తే ఆ చిన్న గది కాసేపటికే పొయ్యిలా అయ్యేది, పిల్ల ఎర్రబడి గింజుకునేది. ఆర్పితే చలి పట్టేది. అమ్మ, నాయనమ్మ వంతులు వేసుకుని స్విచ్చి దగ్గర కూర్చునేవాళ్లు. నాయనమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్లం. ఇద్దరి కళ్లూ లోపలికి పోయాయి.

ఒక స్విచ్చి కోసం ఇద్దరు మనుషులు కాపలా కాయడం నాకు మింగుడుపడలేదు. బిచ్కుంద దారిలో మూతపడిన ఒక కోళ్లఫారం తుక్కులో గుడ్లు పొదిగే పెట్టె ఒకటి కనిపించింది. లోపల వేలెడంత పట్టీ ఉంది. రెండు రకాల లోహాలను అతికించి చేసింది. వేడి తగిలితే వంగి కరెంటు తెంపుతుంది, చల్లబడితే నిటారై మళ్లీ కలుపుతుంది. అంతే, అందులో ఇంకే మాయా లేదు. దాని మీద నోటితో ఆవిరి ఊది, టక్ మన్న చప్పుడు విని, చల్లారేదాకా ఆగి మళ్లీ ఊదుతూ ఒక పూటంతా గడిపాను. తిండి సంగతే మర్చిపోయాను.

ఆ పట్టీని, వేడి ఎంతుండాలో పెట్టే అంకెల మీటతో సహా ఒక చెక్కకు బిగించి తెస్తే అవ్వ ఎగాదిగా చూసింది. "ఏందిరా, పిల్లను కోడిపిల్ల లెక్క పొదుగుతవా?" అంది. పొదిగితే తప్పేముంది, కోడికి ఉన్న తెలివి మనకు ఉండొద్దా అన్నాను. పురుడు వెళ్లేదాకా మగవాళ్లు ఆ గది గడప దాటకూడదు. కాబట్టి లోపలి గోడ కనబడకపోయినా నేను గడప ఇవతల నిలబడి చెబుతుంటే మేకు అవ్వే కొట్టింది, ప్లగ్గు అక్క పెట్టింది. బల్బులు వాటంతటవే ఆరి, వాటంతటవే వెలిగాయి. "ఇగ పిల్లను ఇదే చూసుకుంటది, నువ్వు పండుకో అవ్వా," అని మీసం మెలేశాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గానీ ఇంట గెలవడమే కష్టమని మర్నాటికే తెలిసింది. గదిలోకి వచ్చిన ప్రతి మనిషీ ఆ మీట మీద ఒక చెయ్యి వేసేది. వంటింట్లోంచి చెమటతో వచ్చిన అమ్మ తగ్గించేది. వాకిట్లోంచి వణుకుతూ వచ్చిన పక్కింటామె పెంచేది. ఎవరి ఒంటికి తోచిన అంకె వాళ్లు పెడుతున్నారే తప్ప పిల్లను అడిగినవాళ్లు లేరు. నాకు ఒళ్లు మండింది. మనిషి చెయ్యి తగలడానికి వీల్లేకుండా చేస్తే గానీ ఇది బాగుపడదనుకున్నాను. చెక్కను బయటికి తెప్పించి మీట పీకేశాను, అంకెలు చెరిపేశాను. పట్టీని సరిచేసే ఒక్క స్క్రూ మాత్రం ఉంచి మళ్లీ లోపలికి పంపాను. అక్క పిల్ల పాదం, కడుపు పట్టి చూస్తూ చెబుతుంటే, అవ్వ స్క్రూ తిప్పింది. రెండూ ఒకే తీరుగా వెచ్చగా ఉన్నాయన్నాక చాయ్‌పత్తి పెట్టె చెక్కతో గాలి కన్నాలున్న డబ్బా చేసి పైన తొడిగించాను. గోడ మీద ఒక చదునైన డబ్బా, అంతకుమించి ఏమీ లేదు. ఇంతకంటే సులువైనది లోకంలో ఉండదనుకున్నాను.

పగలంతా బంగారంలా పనిచేసింది. పొద్దు గూకగానే బల్బులు ఆరిపోయాయి, ఎంతకీ వెలగలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. రాత్రి బాగా పొద్దుపోయాక మళ్లీ దానంతటదే బాగయ్యేది. ఆ మధ్య సమయంలో పిల్ల పాదాలు చల్లబడుతున్నాయని తలుపు అవతలి నుంచి అక్క చెప్పింది. నర్సమ్మ మాట చెవిలోనే ఉంది.

ఊరంతా దీపాలు వేసే వేళకు కరెంటు నీరసపడుతుంది కదా, అదేనేమో అనుకున్నాను. కానీ నీరసపడితే బల్బులు మసగ్గా వెలగాలి, పూర్తిగా ఆరవు. పడమటి గోడకు ఎండ తగిలి వేడెక్కిందేమో అని బయటి నుంచి గోడంతా చేత్తో తడిమాను. చల్లగానే ఉంది. వైరు మార్చాను. భయం ఒక పక్క, ఆ డబ్బాకు సాయంత్రమయిందని ఎలా తెలుస్తోందన్న ఆరాటం ఒక పక్క. డబ్బా దగ్గర ఏమైనా పెట్టారా అని అమ్మను అడిగాను, అక్కను అడిగాను. ఏమీ పెట్టలేదన్నారు ఇద్దరూ. వాళ్లు అబద్ధం చెప్పలేదు.

నాలుగో సాయంత్రం గడప పక్కనే కాపు కాశాను. అవ్వ నూనె గిన్నె పట్టుకుని లోపలికి వెళ్తోంది. ఎక్కడికని అడిగాను.

"డబ్బకు దీపం పెట్టొస్త."

డబ్బా నెత్తిన దీపం. ఆ వేడికి లోపలి పట్టీ వంగి, గదంతా వేడెక్కిందనుకుని బల్బులు ఆర్పేస్తోంది. నూనె అయిపోయేదాకా దాని లెక్కలో మండు వేసవే. పురిటి గదిలో సాయంత్రం దీపం ఉండటం గోడ ఉన్నంత మామూలు సంగతి, దాన్ని ఏదో పెట్టడం అని ఎవరనుకుంటారు? డబ్బా మీద ఎందుకు పెడుతున్నావని అడిగితే, అవ్వ నా వైపు వింతగా చూసింది.

"పిల్లను ఇదే చూసుకుంటదని నువ్వే అంటివి కదరా. చూసుకునేదానికి దీపం పెట్టకుంటే ఎట్ల?"

కోపం రావలసింది. నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. దీపం తీసెయ్యమనడానికి మాత్రం నోరు రాలేదు. డబ్బా తెప్పించి, పై చెక్క తీసేసి, గుడిసె కప్పులా రెండు వైపులా వాలుగా కొత్తది బిగించాను. ఇక దాని మీద ప్రమిదే కాదు, అగ్గిపెట్టె కూడా నిలవదు. అవ్వ రెండుసార్లు ప్రయత్నించి, దీపాన్ని దూరంగా ఉన్న గూట్లో పెట్టి, డబ్బాకు కుంకుమ బొట్టు పెట్టి ఊరుకుంది. ఆ రోజు నుంచి బల్బులు సాయంత్రాలు మొరాయించలేదు. పురుడు వెళ్లేసరికి పిల్లకు బుగ్గలు వచ్చాయి, ఏడుపు వీధిలోకి వినపడసాగింది. ప్రాణం గట్టిపడిందని నర్సమ్మ కూడా చెప్పి వెళ్లింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం అవ్వ నా దుకాణానికి వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. మోటార్ల వైపు చూస్తూ కూర్చుని, మెల్లగా అడిగింది.

"గా డబ్బకు పొద్దుగూకంగ జెర సేపు ఛుట్టీ ఇయ్యరాదురా."

నాకు అర్థం కాలేదు. మంచిగా పనిచేస్తోంది కదా, సెలవెందుకని అడిగాను. అప్పుడు చెప్పింది. డబ్బా మొరాయించిన సాయంత్రాలు పిల్ల పాదాలు చల్లబడగానే రవిక విప్పి, పిల్లను రొమ్ముకు ఆనించుకుని పైన గొంగడి కప్పుకుని కూర్చునేదట. బల్బులు వెలిగేదాకా అలాగే. ఇప్పుడు పిల్ల మంచంలోనే వెచ్చగా పడుకుంటోంది, ఎత్తుకోబోతే నిద్ర చెడగొట్టొద్దని అక్క కసురుతోందట.

నేను కరెంటు గురించి, గోడల గురించి బుర్ర చించుకున్న ఆ సాయంత్రాలు పిల్లను బతికించింది ఎవరో అప్పటిదాకా ఒక్కసారి కూడా అడగలేదు.

ఇంటికి వెళ్లి డబ్బాకు బయట ఒక స్విచ్చి బిగించాను. ఇప్పుడు నేనూ గదిలోకి వెళ్లొచ్చు. పొద్దు గూకగానే అవ్వ వచ్చి, గూట్లో దీపం వెలిగించి, టక్ మని స్విచ్చి ఆర్పి, గొంగడి తెచ్చుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. అక్క పిల్లను తీసి ఆమె ఒళ్లో పెట్టింది. నేను వంగి పాదాలు పట్టి చూశాను. వెచ్చగా ఉన్నాయి.